నెత్తురు కక్కే రాత్రికి ముందు

తెలుగువాళ్ళకి కోపం నషాళానికి అంటితే నోటికొచ్చే శాపాల్లో 'నెత్తురు కక్కుకుని చస్తావు' ఒకటి. పాత జానపద సినిమాల్లో మాంత్రికుడు ఇక్కడ నిమ్మకాయ కోస్తే అక్కడెక్కడో మనిషి నెత్తురు కక్కుకుని పడిపోతాడు. శాపమైనా చేతబడైనా దాని వెనకున్న ఊహ ఒక్కటే. నిన్నటి దాకా నిక్షేపంలా ఉన్న మనిషికి ఉన్నట్టుండి ఏదో వచ్చి తగిలిందని. సిరోసిస్ రోగి అర్ధరాత్రి లేచి బకెట్‌లో నెత్తురు వాంతి చేసుకున్నప్పుడు ఇంట్లోవాళ్ళు డాక్టరుతో చెప్పేదీ అదే: 'సాయంత్రం అన్నం కూడా తిన్నాడండీ, బాగానే ఉన్నాడు.' వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కాని ఆ రాత్రి పగిలిన సిర ఆ రాత్రి ఉబ్బింది కాదు. కొన్నేళ్ళుగా, నొప్పి అనేదే తెలియకుండా, లోపల ఒత్తిడి పెరుగుతూ వచ్చింది. ఈ రక్తస్రావాన్ని మనం పుండు పగిలిన సంగతిగా చూస్తున్నాం. చూడాల్సింది ఒత్తిడి సంగతిగా. ఆ ఒక్క మాట పట్టుకుంటే ఆసుపత్రిలో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో, అసలు వైద్యం ఎప్పుడు మొదలుపెట్టాలో మూడూ మారిపోతాయి.

పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. అంతా పోర్టల్ సిర అనే ఒకే దారిలో కలిసి ముందు కాలేయంలోకి వెళ్ళాలి. కాలేయానికి నిమిషానికి లీటరున్నర దాకా రక్తం అందుతుంటే అందులో సుమారు ముప్పావు వంతు వచ్చేది ఈ దారినే. ఆరోగ్యంగా ఉన్న కాలేయం మెత్తగా ఉంటుంది, ఇంత రక్తాన్నీ ఇట్టే వదిలేస్తుంది. లోపలికి వచ్చే వైపుకీ బయటికి పోయే వైపుకీ మధ్య ఒత్తిడి తేడా 5 మిల్లీమీటర్ల పాదరసం దాటదు. మన చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ 120 అని తలుచుకుంటే ఇదెంత నెమ్మదైన ప్రవాహమో తెలుస్తుంది. మద్యం వల్లనో, హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్లనో, పేరుకున్న కొవ్వు వల్లనో కాలేయం మచ్చలు కట్టి గట్టిపడితే, అంటే సిరోసిస్ వస్తే, ఆ దారి ఇరుకైపోతుంది. తర్వాత కథ గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తూము పూడిపోయింది, పైన లాకులు మాత్రం మూయలేదు. నీళ్ళు పక్క బోదెల్లోకి ఎక్కుతాయి. శరీరంలో ఆ పక్క బోదెలు అన్నవాహిక అడుగున, జీర్ణాశయం పైభాగాన ఉండే సన్నటి సిరలు. ఇంత రక్తం మొయ్యడానికి పుట్టినవి కావవి. పైగా ఇంకో విడ్డూరం ఉంది. కాలేయం గట్టిపడుతున్నకొద్దీ పేగులకు రక్తం తెచ్చే ధమనులు వెడల్పవుతాయి. అంటే కింద దారి మూసుకుపోతుంటే పైనుంచి వచ్చే నీరు తగ్గకపోగా పెరుగుతుంది. ఒత్తిడి తేడా 10 చేరితే సిరలు ఉబ్బే స్థితి వచ్చినట్టు. 12 చేరితే పగిలే ప్రమాదం వచ్చినట్టు. 12 లోపు ఉన్నవాళ్ళలో అవి పగలడం చాలా అరుదు. మొత్తం వ్యవహారానికి కీలకం ఆ అంకె.

సిరోసిస్ అని తేలిన రోజుకే దాదాపు సగం మందిలో ఈ ఉబ్బిన సిరలు ఉంటాయి. లేనివాళ్ళలో ఏటా నూటికి ఏడెనిమిది మందికి కొత్తగా వస్తాయి. చిన్నవి ఏడాదిలో పగిలే అవకాశం సుమారు 5 శాతం, పెద్దవైతే 15. ఇన్ని జరుగుతున్నా ముద్ద మింగితే అడ్డు తగలదు, మంట ఉండదు. ఉన్న ఆనవాళ్ళు కూడా మనకి వేరేగా అర్థమవుతాయి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ అనే మాట ఇప్పుడు ఇంటింటికీ తెలుసు. కాని జ్వరం లేని మనిషికి ఏళ్ళ తరబడి ప్లేట్‌లెట్లు లక్ష దగ్గరే ఉంటే, ఉబ్బిన ప్లీహం వాటిని పట్టి ఉంచుతోందేమో, కాలేయం గట్టిపడిందేమో అన్న అనుమానం మనకి రాదు. మలం నల్లగా, తారులా జిగటగా, కంపుకొడుతూ వస్తే ఐరన్ మాత్రల వల్ల అనుకుంటాం. ఐరన్ మలాన్ని నల్లబరుస్తుంది గాని ఆ జిగట, ఆ వాసన దానివి కావు. పేగుల్లో చేరిన రక్తం అమ్మోనియాగా మారి మెదడుకెక్కి రోగి తికమకగా మాట్లాడితే 'మందు దిగలేదు' అంటారు, లేదా గాలి సోకిందంటారు. మనిషి చుక్క ముట్టి నెలలైనా సరే.

ఇక ఆ రాత్రి సంగతి. ఆసుపత్రిలో చేర్చీ చేర్చగానే బంధువులు మొదలుపెట్టే పని రక్తదాతల కోసం ఫోన్లు. 'ఎన్ని బాటిళ్ళు కావాలి సార్?' అన్నదే మొదటి ప్రశ్న. పోయినంత రక్తం తిరిగి ఎక్కించాలన్న లెక్క చిల్లిపడిన కుండకైతే సరిపోతుంది. గండి పడిన కాలవకి పైనుంచి మళ్ళీ నీళ్ళు వదిలితే గండి ఇంకా పెద్దదవుతుంది. ఇది పోలిక కోసం చెబుతున్న మాట కాదు, కొలిచి చూసిన సంగతి. బార్సిలోనా వైద్యులు జీర్ణకోశంలో పైభాగాన రక్తస్రావమైన 921 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి హిమోగ్లోబిన్ 7 కన్నా కిందికి పడితేనే రక్తం ఎక్కించారు, రెండో జట్టుకి 9 కన్నా తగ్గగానే ఎక్కించారు. 2013లో బయటికొచ్చిన ఫలితాల్లో ఆరు వారాలకి బతికున్నవాళ్ళు తక్కువ రక్తం ఎక్కించిన జట్టులో 95 శాతం, ఎక్కువ ఎక్కించిన జట్టులో 91 శాతం. మళ్ళీ రక్తస్రావం అయినవాళ్ళు మొదటి జట్టులో 10 శాతం, రెండో జట్టులో 16. సిరోసిస్ ఉన్నవాళ్ళలో పోర్టల్ ఒత్తిడి కూడా చూశారు. ధారాళంగా రక్తం పొందిన జట్టులో అది పెరిగింది, తక్కువ ఎక్కించిన జట్టులో పెరగలేదు. ప్రేమకొద్దీ తెచ్చిన బాటిలే గండిని పెద్దది చేసిందన్నమాట. దీనికొక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. బార్సిలోనాలో కొన్ని గంటల్లోనే ఎండోస్కోపీ చేస్తారు, మన్యంలో ఉండే రోగి పెద్దాసుపత్రికి చేరేసరికి తెల్లారుతుంది. అలాంటి మనిషికి 7 దాకా ఆగమనడం ఎంతవరకు సబబు? కుండపోతగా రక్తం పోతున్నవాళ్ళని ఆ పరిశోధనలో చేర్చనే లేదు, కాబట్టి వాళ్ళకి ఆ అంకె వర్తించదు. రక్తం పోయిన మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ పరీక్ష నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తుందన్నదీ నిజం. బీపీ పడిపోతున్న మనిషికి కాగితం మీది 8 చూసి రక్తం నిరాకరించమని ఎవరూ అనడం లేదు. మనిషి నిలదొక్కుకున్నాక 'ఇంకో రెండు బాటిళ్ళు ఎక్కిస్తే బలం వస్తుంది కదా' అనే అలవాటునే మానుకోమంటున్నారు.

రిపోర్టులో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని తెలిపే ఐఎన్ఆర్ పెరిగి కనిపిస్తే 'రక్తం పలచబడింది, ప్లాస్మా పెట్టాలి' అనడం కూడా ఇలాంటి అలవాటే. సిరోసిస్‌లో ఆ అంకె కాలేయం నీరసాన్ని చెబుతుంది గాని రక్తం గడ్డకట్టే శక్తిని ఉన్నదున్నట్టు చూపించదు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలూ, గడ్డకట్టనివ్వని పదార్థాలూ రెండూ కాలేయంలోనే తయారవుతాయి, రెండూ కలిసే తగ్గుతాయి. ప్లాస్మా అంకెని సరిచేసే మాట అటుంచి, వందల మిల్లీలీటర్ల ద్రవాన్ని ఆ ఇరుకు కాలవలోకే పంపుతుంది. రక్తం ఆపే ఇంజెక్షన్‌గా పేరుపడ్డ ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని 12,009 మంది మీద పరీక్షించి 2020లో చెప్పిన ఫలితం: జీర్ణకోశ రక్తస్రావంలో చావులు తగ్గలేదు, సిరల్లో గడ్డలు మాత్రం 0.4 శాతం నుంచి 0.8 శాతానికి పెరిగాయి. ఇక మన ఇళ్ళలో ఉప్పు డబ్బా పక్కన ఉండే గ్యాస్ బిళ్ళ. అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది. సిరోసిస్ రోగికి మామూలు అల్సర్ కూడా ఉండొచ్చు గనక ఎండోస్కోపీ అయ్యేదాకా డాక్టర్లు దాన్ని ఇస్తే తప్పుపట్టనక్కర్లేదు. ఉబ్బిన సిరలో ఒత్తిడి మీద మాత్రం దాని ప్రభావం సున్నా.

పనిచేసేవి వేరే ఉన్నాయి, వాటిలో చాలావరకు ఒత్తిడి జోలికి వెళ్ళేవే. టెర్లిప్రెసిన్, ఆక్ట్రియోటైడ్ పేగులకు వెళ్ళే రక్తనాళాలని ముడిచి పైనుంచి వచ్చే ప్రవాహాన్ని తగ్గిస్తాయి. ఎండోస్కోపీ దాకా ఆగకుండా, అనుమానం రాగానే మొదలుపెట్టాల్సిన మందులివి. వీటితోపాటు ఒక యాంటీబయాటిక్. రక్తస్రావానికి యాంటీబయాటిక్ ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ రోగుల్లో పేగుల్లోని సూక్ష్మజీవులు తేలిగ్గా రక్తంలోకి జొరబడతాయి, ఇన్‌ఫెక్షన్ వస్తే రక్తస్రావం తిరగబెడుతుంది. అందుకే అది ప్రాణం కాపాడే మందుల జాబితాలో చేరింది. తర్వాత పన్నెండు గంటల లోపు ఎండోస్కోపీ. గొట్టం కొసన పారదర్శకమైన చిన్న మూత, దాని చుట్టూ వరసగా రబ్బరు రింగులు. ఉబ్బిన సిర దగ్గరికి చేర్చి గాలి లాగితే సిర ముడి ఆ మూతలోకి ద్రాక్షపండులా ఉబికి వస్తుంది. పైన డాక్టరు చేతిలోని పిడి తిప్పగానే ఒక రింగు జారి ముడి మెడకు బిగుసుకుంటుంది. నీలంగా మారిన ఆ ముడి కొద్దిరోజుల్లో ఎండి రాలిపోతుంది, అక్కడ చిన్న పుండు మిగులుతుంది. అది మానేదాకా జావ, మజ్జిగన్నం లాంటి మెత్తటి తిండే. అమెరికాలో డెన్వర్ సర్జన్ గ్రెగ్ స్టీగ్‌మన్ 1986లో మొలలకు రబ్బరు రింగు వేసే పద్ధతినే కాస్త మార్చి ఇక్కడికి తెచ్చాడు. అంతకుముందు 1950 నుంచి సెంగ్‌స్టాకెన్, బ్లేక్‌మోర్ పేర్లతో ఉన్న రబ్బరు బెలూన్‌ని ముక్కులోంచో నోట్లోంచో దింపి గాలి ఊది నొక్కిపెట్టేవారు. ఏదీ అదుపు కాని చోట ఇప్పటికీ అదే దిక్కు, కాని అది ఇసుక బస్తా, ఒక రోజుకు మించి ఉంచకూడదు. ఫ్రాన్స్‌లో ఒక ఆసుపత్రి లెక్కలు చూస్తే ఈ రక్తస్రావంతో చేరినవాళ్ళలో అక్కడే చనిపోయినవారు 1980లో 43 శాతం, 2000లో 15 శాతం. వైద్యం సాధించింది తక్కువేమీ కాదు. అయినా ఇవాళ్టికీ ప్రతి ఆరుగురిలో ఒకరు ఆరు వారాలు దాటడం లేదు. గండి పూడ్చడంలో ఎంత ఆరితేరినా అంతకన్నా దించలేకపోతున్నాం.

అసలు వాదన ఇక్కడ మొదలవుతుంది. ఒత్తిడి తగ్గించే వైద్యం రాత్రి పన్నెండింటికి ఐసీయూలో పనిచేసేదే అయితే, రెండేళ్ళ ముందు ఇంట్లోనే ఎందుకు పనిచెయ్యదు? పారిస్ శివార్లలో క్లిషీలో ఉన్న బోజోన్ ఆసుపత్రిలో దిదియే లెబ్రెక్ 1980 ప్రాంతంలో అడిగింది దాదాపు ఇదే. గుండెనొప్పికీ బీపీకీ బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1960లలో తయారుచేసిన ప్రొప్రనలాల్ బిళ్ళ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, పేగుల ధమనులని ముడుస్తుంది. అంటే పైన లాకులు కొద్దిగా దించుతుంది. ఒకసారి రక్తస్రావమైన రోగులకి లెబ్రెక్ దాన్ని ఇస్తే రెండోసారి అవడం బాగా తగ్గింది. బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. ఆయన మందు కాలేయ రోగులకి ఇలా అక్కరకొస్తుందని ఆయన ఊహించి ఉండడు. ఇంకా రక్తస్రావమే కాని వాళ్ళకి, పెద్ద సిరలున్న వాళ్ళకి, బిళ్ళ మేలా రబ్బరు రింగులు మేలా అన్న ప్రశ్న మీద తొలి పరిశోధనల్లో ఒకటి ఢిల్లీలో శివ్‌కుమార్ సరీన్ బృందం చేసి 1999లో ప్రకటించింది. ఆ పరిశోధనలో రింగులు గెలిచాయి. ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్నదే. ప్రొప్రనలాల్ స్థానంలోకి ఎక్కువగా కార్వెడిలాల్ వస్తోంది, ఒత్తిడిని ఇంకాస్త బాగా దించుతుంది కాబట్టి. 2019లో స్పెయిన్ పరిశోధకులు ఇంకో అడుగు వెనక్కి వేశారు. ఒత్తిడి పెరిగి ఇంకా ఏ ఇబ్బందీ మొదలవని 201 మందిని తీసుకుని సగం మందికి ఈ జాతి బిళ్ళలు ఇచ్చారు. ఏళ్ళు గడిచాక పరిస్థితి విషమించినవాళ్ళు, మరణించినవాళ్ళు కలిపి బిళ్ళ జట్టులో 16 శాతం, ఉత్తుత్తి బిళ్ళ జట్టులో 27. లాభం ఎక్కువగా కనబడింది రక్తస్రావంలో కాదు, పొట్టలో నీరు చేరడం తగ్గడంలో. అదీ ఒత్తిడి జబ్బే కదా.

'ఇదంతా ఎందుకు, తాగుడు మానిపిస్తే పోలా?' అని అడిగేవారున్నారు. మానిపించాల్సిందే. మానితే కొందరిలో ఒత్తిడే తగ్గుతుంది, హెపటైటిస్ సి వైరస్ నయమైనా తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 43 శాతం తాగుతున్నామన్నారు. కాబట్టి సమస్య చిన్నదని నేననను. కాని ఈ ప్రశ్న అడిగే గొంతులో రోగి బాగోగులకన్నా తీర్పు ఎక్కువ వినిపిస్తుంది. సిరోసిస్ అనగానే తాగుబోతు అని ముద్ర పడుతుంది గనకే, ఏనాడూ చుక్క ముట్టని షుగర్ రోగి, పుట్టుకతో తల్లి నుంచి హెపటైటిస్ బి వచ్చిన మనిషి కూడా జబ్బు పేరు దాచుకుంటున్నారు. దాచుకున్నవాళ్ళు ఎండోస్కోపీకి రారు. పోనీ తాగినవాడే అనుకున్నా, మచ్చలు కట్టిన కాలేయం బాటిల్ పక్కన పెట్టిన మర్నాడే మెత్తబడదు. మానేసిన ఆ మొదటి ఏళ్ళలోనే అతనికి ఈ కాపలా కావాలి.

రెండో అభ్యంతరం వైద్యుల వైపు నుంచే వచ్చింది, దానికి బరువు ఎక్కువ. ఈ బిళ్ళలు అందరికీ పడవు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం. నిలబడితే కళ్ళు తిరుగుతాయి, నీరసంగా ఉందని చాలామంది చెప్పకుండానే మానేస్తారు. ఒత్తిడి చాలినంత తగ్గని వాళ్ళూ బోలెడుమంది. 2010లో ఒక ఫ్రెంచి అధ్యయనం, పొట్టలో నీరు మందులకు లొంగని స్థితికి చేరిన రోగుల్లో బిళ్ళ వేసుకుంటున్నవాళ్ళే ముందుగా చనిపోతున్నారని చెప్పింది. అది ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? అదే బోజోన్ నుంచి. రాసినవాళ్ళలో చివరి పేరు లెబ్రెక్‌దే. ముప్పై ఏళ్ళు తాను నిలబెట్టిన మందు ఎక్కడ కీడు చేస్తుందో తానే వెతికి చెప్పడం శాస్త్రంలోనూ తరచుగా కనబడేది కాదు. దాని మీద వాదోపవాదాలు జరిగి ఇప్పుడు నిలిచిన పద్ధతి ఏమిటంటే, పై బీపీ 90 కన్నా తగ్గినా, కిడ్నీలు దెబ్బతింటున్నా బిళ్ళ తగ్గించాలి లేదా ఆపాలి. ఇది నా వాదనకి ఎదురు కాదు, ఇంకో వైపు నుంచి బలం. ఒత్తిడి దించే మందు పొద్దెక్కకముందు ఇవ్వాల్సిందని, శరీరం డీలాపడ్డాక ఇస్తే వికటిస్తుందని ఆ అధ్యయనం చెబుతోంది.

'సరే, ఇంతమందికి ఎండోస్కోపీలు ఎవరు చేస్తారు?' అన్నది మూడో ప్రశ్న. హైదరాబాదుకి ఎండోస్కోపీలో ప్రపంచస్థాయి పేరుంది; ఆదిలాబాద్ అడవుల్లోంచో, రంపచోడవరం నుంచో వచ్చేవాళ్ళకి ఆ పేరు ఒక్కరోజు కూలీ, బస్సు చార్జీ, ఇద్దరి తిండి. దీనికి జవాబు కొంతవరకు ఇటలీలో మజోరె సరస్సు ఒడ్డున బవేనో అనే చిన్న ఊళ్ళో దొరికింది. 1990 నుంచి కాలేయ నిపుణులు కొన్నేళ్ళకోసారి ఆ ఊరి పేరుతో సమావేశమై ఈ జబ్బు సూత్రాలు రాస్తున్నారు. 2015లో తేల్చింది ఇది: కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ పరీక్షలో అంకె 20 కిలోపాస్కల్స్ లోపు ఉండి, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే ఎండోస్కోపీ వాయిదా వెయ్యొచ్చు. 2021లో ఇంకా ముందుకెళ్ళి, గట్టిదనం 25 దాటితే మద్యం, వైరస్‌ల వల్ల వచ్చిన కాలేయ జబ్బుల్లో ఒత్తిడి ఉన్నట్టే లెక్క అన్నారు. పడేవాళ్ళకి బిళ్ళ మొదలుపెట్టొచ్చు, సిరలు చూడ్డానికి గొట్టం వెయ్యనక్కర్లేదు. ఫైబ్రోస్కాన్ మండలానికి రాలేదు, నిజమే. ప్లేట్‌లెట్ల లెక్క వచ్చింది కదా. డెంగీ సీజన్‌లో ప్రతి చిన్న ల్యాబూ చేసే పరీక్షే. సిరోసిస్ అని తెలిసిన మనిషికి అది లక్షన్నర కన్నా తక్కువ ఉంటే జిల్లా ఆసుపత్రికి పంపడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మన దగ్గర లోటు యంత్రాలది కన్నా చూపుది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసే పెద్ద వైద్యం చుట్టూ అల్లిన పథకం. గండి పడిన రాత్రికి అది నిజంగా ఆదుకుంటుంది. రోజూ వేసుకునే కొద్ది రూపాయల బిళ్ళకి, ఏడాదికోసారి చేసే పరీక్షకి అలాంటి గొడుగు లేదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం బి, సి మందులు ఉచితంగా ఇస్తోంది గనక ఆ కేంద్రాల్లోనే ఈ పనీ కలపొచ్చు. రోగులు అక్కడికి ఎలాగూ వస్తున్నారు.

ఒకసారి రక్తస్రావమై బతికి బయటపడ్డవాళ్ళ గురించి వేరే వాదన అక్కర్లేదు. ఊరకే వదిలేస్తే ఒకటి రెండేళ్ళలో నూటికి అరవై మందికి మళ్ళీ వస్తుంది. వాళ్ళకి రింగులూ కావాలి, బిళ్ళా కావాలి. రింగులు ఒక్కసారితో అయిపోవు, సిరలు మాయమయ్యేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వెళ్ళాలి. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ ఉంటుంది. సంక్రాంతికో పొలం పనికో వాయిదా పడేది ఎప్పుడూ ఆ తేదీయే.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరి ఫైలు మీదైనా సిరోసిస్ అని రాసి ఉంటే ఈ వారం ఆ ఫైలు ఒకసారి తీయండి. ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో, ఎండోస్కోపీ ఎప్పుడు చేశారో చూడండి. మోకాళ్ళ నొప్పికని డైక్లోఫినాక్ లాంటి నొప్పి బిళ్ళలు వాడుతుంటే ఆపించి, వాటి బదులు ఏం వాడాలో డాక్టరుని అడగండి. 'కార్వెడిలాల్ గాని ప్రొప్రనలాల్ గాని మాకు పనికొస్తుందా?' అని కూడా అప్పుడే అడగండి. మలం తారులా వచ్చిందంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. నెత్తురు వాంతి అయ్యేదాకా అసలే ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.